లాప్‌టాప్ స్పీకర్ గరగరమంటోందా? షాపుకి ఇచ్చేముందు ఒక్కసారి ఇది వినండి

మాట్లాడే ముందు ఒక సౌండ్ వినిపిస్తాను, వినండి.

(లాప్‌టాప్‌లో ఒక మగ గొంతు పాట పాడుతుంటుంది, దాని మీద గరగర)

విన్నారా? మీ ఫోన్ స్పీకర్ పోలేదు, కంగారు పడకండి. వీడియో చూడకుండా టెక్స్ట్ చదువుతున్నవాళ్లకి మాటల్లో చెప్పాలంటే, పాడుతున్న మనిషి నోటికి అడ్డంగా ఎవరో పల్చటి ప్లాస్టిక్ కవర్ పట్టుకున్నట్టు ఉంది. గొంతు పైకి లేచిన ప్రతిసారీ ఆ కవర్ కొట్టుకుంటోంది.

ఆ పాడుతున్నది మా నాన్న.

ఈ లాప్‌టాప్ నేను బీటెక్‌లో చేరినప్పుడు 2018లో కొన్నది. ఉద్యోగం వచ్చాక ఆఫీసువాళ్లు వేరేది ఇచ్చారు, నేను హైదరాబాద్ వచ్చేశాను, ఇది ఒంగోల్లో అమ్మ దగ్గర ఉండిపోయింది. అమ్మ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మిషన్ పక్కన ఒక స్టూలు, స్టూలు మీద లాప్‌టాప్, అందులో పొద్దున్నుంచి రాత్రిదాకా పాటలు. నాన్న 2020లో పోయారు. ఆయన పాత ఫోన్‌లోంచి నేను ఎప్పుడో కాపీ చేసి పెట్టిన వీడియో ఒకటి ఇందులో ఉంది. చుట్టాల పెళ్లికి వెళ్తున్న బస్సులో ఆయన పాడిన పాట, నాలుగు నిమిషాలు. ఆ ఫోన్ ఎప్పుడో చచ్చిపోయింది. ఆ వీడియో ఇంకెక్కడా లేదు.

మొన్న సంక్రాంతికి ముందు అమ్మ ఫోన్ చేసి, "ఒరేయ్, మీ నాన్న గొంతు పాడైపోతోందిరా" అంది. నాకు అర్థం కాలేదు. విషయం ఏంటంటే, రోజురోజుకీ ఆ వీడియోలో గరగర పెరుగుతోందట. ఎక్కువసార్లు వింటే అరిగిపోతుందేమోనని వినడం మానేసిందట. మన చిన్నప్పుడు క్యాసెట్లు అలాగే అరిగిపోయేవి కదా, ఆవిడ లెక్కలో తప్పేం లేదు.

తర్వాత చెప్పింది అసలు సంగతి. మా ఊళ్లో ఒక షాపుకి తీసుకెళ్లిందట. అక్కడబ్బాయి ఒక నిమిషం విని, "మదర్‌బోర్డు మీద సౌండ్ ఐసీ పోయిందమ్మా, ఐదువేల ఐదొందలు అవుతుంది, ఫార్మాట్ కూడా కొట్టాలి" అన్నాడట. ఐదువేల ఐదొందలు అంటే అమ్మకి ఎన్ని జాకెట్లో లెక్కేసుకోండి. డబ్బు ఎక్కువనిపించి వెనక్కి తెచ్చేసింది. నాకు మాత్రం ఆ ఐదువేలు వినపడలేదు, 'ఫార్మాట్' అన్న ఒక్క మాటే వినపడింది. ఆ అబ్బాయి ఇంకో వెయ్యి తగ్గించి చెప్పి ఉంటే నాన్న వీడియో ఆ రోజే పోయేది.

అందుకే ముందు ఇది చెప్తాను, మిగతా వీడియో స్కిప్ చేసినా పర్లేదు. సౌండ్ గరగరమంటోందని ఎవరైనా ఫార్మాట్ కొట్టాలి అంటే, సరే అనకండి. ముందు ఫైల్స్ అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి, ఒక క్లౌడ్‌లోకి పెట్టుకోండి. ఆ తర్వాతే మిగతా మాటలు.

శనివారం పొద్దున ఇంటికెళ్లి బ్యాగు కింద పెట్టకుండానే చేసిన పని, నా వైర్ ఇయర్‌ఫోన్స్ లాప్‌టాప్‌కి గుచ్చి అమ్మ చెవుల్లో పెట్టడం. వీడియో ప్లే చేశాను. గరగర లేదు. నాన్న గొంతు శుభ్రంగా ఉంది, వెనక బస్సు హారన్‌తో సహా. అమ్మ నాలుగు నిమిషాలూ కదల్లేదు. అయిపోయాక మళ్లీ మొదటినుంచి పెట్టమంది. రెండోసారి ఆవిడ వింటుంటే నేను వెళ్లి కాఫీ కలుపుకొచ్చాను.

ఆ ఒక్క పరీక్షతో ఎంత తెలిసిందో చూడండి. ఫైల్ బాగుంది. డిజిటల్ ఫైల్ వినడం వల్ల అరగదు, వెయ్యిసార్లు విన్నా అవే అంకెలు. ప్లేయర్ బాగుంది. వైర్ ఇయర్‌ఫోన్స్‌కి సౌండ్ వెళ్లేది కూడా లాప్‌టాప్ లోపలున్న ఆ సౌండ్ చిప్ నుంచే కాబట్టి చిప్ కూడా బాగుంది. ఇక మిగిలింది స్పీకర్లు, వాటికి కరెంటు ఇచ్చే చిన్న ఆంప్లిఫయర్. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ టెస్టు బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో చేస్తే ఇంత సమాచారం రాదు. బ్లూటూత్‌లో సౌండ్‌గా మార్చే పని ఇయర్‌బడ్ లోపలే జరుగుతుంది, లాప్‌టాప్ చిప్ ఆ దారిలో ఉండదు. కాబట్టి ఇంట్లో ఏ మూలనో పడున్న పాత వైర్ ఇయర్‌ఫోన్స్ వెతకండి, ఫోన్‌తో పాటు వచ్చినవైనా సరే.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ సంగతి త్వరగా చూద్దాం. విండోస్ 11 అయితే సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో సౌండ్, అందులో స్పీకర్స్ మీద నొక్కితే ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అని ఉంటుంది, దాన్ని ఆఫ్ చేయండి. బ్రౌజర్‌లో వాల్యూమ్ బూస్టర్ లాంటి ఎక్స్‌టెన్షన్ ఏదైనా వేసుంటే తీసేయండి. అమ్మ లాప్‌టాప్‌లో ఉంది, ఎవరు వేశారని అడక్కండి, నేనే. చిటపట, చిటపటమని మధ్యమధ్యలో సౌండ్ తెగుతూ వస్తే, అదీ పెద్ద పెద్ద ప్రోగ్రామ్‌లు నడిచేటప్పుడే వస్తే, అది డ్రైవర్ గొడవ అవ్వచ్చు. కంపెనీ సైట్ నుంచి ఆడియో డ్రైవర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసి చూడండి. ఇంకా అనుమానం ఉంటే ఒక పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా దాంట్లోంచే బూట్ చేసి ఒక పాట పెట్టండి. అక్కడ కూడా అదే గరగర అంటే విండోస్‌ని తిట్టడం ఆపేయొచ్చు.

మా దాంట్లో ఇవేవీ కాదు. వాల్యూమ్ ఇరవైలో పెట్టినా గరగర ఉంది. ఫుల్ పెట్టినప్పుడు మాత్రమే పగిలి, తగ్గిస్తే శుభ్రంగా ఉంటే అది ఓవర్ వాల్యూమ్ సమస్య. తక్కువలో కూడా ఉంటే లోపల ఏదో తెగింది, లేదా ఏదో దూరింది.

అదే సెట్టింగ్స్‌లో లెఫ్ట్, రైట్ అని రెండు స్లయిడర్లు ఉంటాయి. రైట్ సున్నా చేసి విన్నాను, లెఫ్ట్ నుంచి సన్నగా 'జ్జ్' అని. లెఫ్ట్ సున్నా చేసి విన్నాను, రైట్ నుంచి ఆ ప్లాస్టిక్ కవర్ సౌండ్. అంటే రెండిటికీ రోగమే, కానీ ఒకే రోగం కాదు. ఈ టెస్టు చేస్తే షాపువాడు "రెండూ పోయాయి" అన్నప్పుడు మీరు అవును కాదు చెప్పగలుగుతారు.

ఇంకో పని కూడా చేశాను. యూట్యూబ్‌లో ఫ్రీక్వెన్సీ స్వీప్ అని వెతికితే, సన్నని 'బూమ్' నుంచి ఈల దాకా మెల్లగా పెరిగే టోన్ దొరుకుతుంది. వాల్యూమ్ ముప్పైలో పెట్టి ప్లే చేయండి. మొదట్లో ఏమీ వినపడదు, భయపడకండి, లాప్‌టాప్ స్పీకర్లకి 150, 200 హెర్ట్జ్ కింద చెప్పుకోదగ్గ శబ్దం చేసే శక్తి లేదు. ఆ తర్వాత ఒకచోట హఠాత్తుగా గరగర మొదలై, కాస్త ముందుకెళ్లాక ఆగిపోతుంది. సరిగ్గా అది మోగుతున్నప్పుడు అరచేతితో లాప్‌టాప్‌ని అక్కడా ఇక్కడా నొక్కి పట్టుకోండి. ఒకచోట నొక్కగానే ఆగిపోయిందంటే మీ అదృష్టం, వదులైన స్క్రూనో, ఊడిన జాలీనో అంతే. మాకు ఆగలేదు.

ఇంతకీ స్పీకర్లు ఎందుకు పోతాయి? లాప్‌టాప్ స్పీకర్ అంటే అగ్గిపెట్టె కంటే పల్చటి ప్లాస్టిక్ పెట్టె. అందులో పల్చటి పొర, దాని చుట్టూ రబ్బరు అంచు, వెనక సన్నటి రాగితీగ చుట్ట, ఆ చుట్ట మధ్యలో గట్టి అయస్కాంతం. తీగలో కరెంటు అటూ ఇటూ మారుతుంటే పొర ముందుకీ వెనక్కీ కదులుతుంది. తీగకీ అయస్కాంతానికీ మధ్య సందు మిల్లీమీటర్‌లో చిన్న భాగం. చాలావాటి మీద 4 ఓమ్స్, 2 వాట్స్ అని రాసుంటుంది. రెండు వాట్లు అండీ. జాతరలో బాక్సులు ఊహించుకోకండి.

ఇప్పుడు అమ్మ సైడ్ నుంచి చూడండి. మిషన్ తొక్కుతుంటే ఆ శబ్దంలో పాట వినపడదు. అందుకని వాల్యూమ్ వంద. అదీ చాలక వీఎల్‌సీలో స్లయిడర్‌ని వంద దాటించి ఎర్ర రంగులోకి. దాని మీద బ్రౌజర్‌లో నేను పెట్టిన బూస్టర్. రోజుకి ఏడెనిమిది గంటలు.

వంద దాటిస్తే ఏమవుతుందంటే, సీలింగ్ తక్కువున్న అటక గదిలో ఎగిరి చూడండి, తల తగిలి ఆగిపోతుంది. మామూలు 16 బిట్ ఆడియోలో అంకె 32,767 దాటి వెళ్లలేదు. మీరు ఎంత పెంచినా శబ్దతరంగం శిఖరం అక్కడ తెగిపోయి చదునుగా అయిపోతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. చెవికి అది గరుకుగా వినపడుతుంది. స్పీకర్‌కి ఇంకో బాధ ఉంది. పూర్తిగా చదునైపోయిన తరంగం, అదే ఎత్తున్న గుండ్రటి తరంగంతో పోలిస్తే రెట్టింపు పవర్ మోస్తుంది. ఆ పవర్‌లో ఎక్కువ భాగం రాగితీగలో వేడి అవుతుంది.

దీని మీద ఒక పాత తగవు కూడా ఉంది. 2014లో ఒక పెద్ద లాప్‌టాప్ కంపెనీ సర్వీసువాళ్లు, "మీరు వీఎల్‌సీ వేసుకున్నారు కాబట్టి స్పీకర్లకి వారంటీ వర్తించదు" అని ఒక కస్టమర్‌తో అన్నారని పెద్ద చర్చ అయింది. వీఎల్‌సీ తయారుచేసినవాళ్లు ఒప్పుకోలేదు. మా ప్లేయర్ పెంచేది అంకెల్నే, హార్డ్‌వేర్‌ని కాదు, ఏ పాటైనా ఫుల్ సౌండ్‌లో పెడితే స్పీకర్‌కి పడే దెబ్బ అలాంటిదే అన్నారు. నాకైతే వాళ్లదే ఎక్కువ న్యాయం అనిపిస్తుంది. వాల్యూమ్ బటన్ వంద చూపిస్తే ఆ వందని స్పీకర్ తట్టుకోవాలి, లేకపోతే ఆ వంద ఎందుకు పెట్టినట్టు? కానీ న్యాయం ఎవరిదైనా కొత్త స్పీకర్ కొనేది మనమే. కాబట్టి ఎర్ర రంగులోకి వెళ్లకండి.

సరే, ఇప్పుడు విప్పే భాగం. వారంటీ ఉంటే విప్పొద్దు, సర్వీస్ సెంటర్‌కి ఇవ్వండి. మాది ఎప్పుడో అయిపోయింది. షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసి, తిరగేశాను. పైకి కనిపించే స్క్రూలే కాదు, వెనక రబ్బరు కాళ్ల కింద కూడా రెండు దాక్కునుంటాయి. వాటిని చూడకుండా మూత లాగితే క్లిప్పులు విరుగుతాయి. స్క్రూల పొడవులు వేరువేరు. తెల్లకాగితం మీద లాప్‌టాప్ బొమ్మ గీసి, ఏది ఎక్కడిదో అక్కడ గుచ్చుకుంటూ వెళ్లండి. మూత లేపడానికి స్క్రూడ్రైవర్ వాడొద్దు, పాత ప్లాస్టిక్ ఏటీఎం కార్డ్ చాలు.

మూత తీయగానే మొట్టమొదట చూడాల్సింది స్పీకర్ కాదు, బ్యాటరీ. అది చదునుగా ఉందా, అప్పడంలా పొంగిందా? పొంగితే అక్కడితో ఆపేయండి. నొక్కొద్దు, గుచ్చొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు. నా రూమ్మేట్‌ది అలాగే అయింది. టచ్‌ప్యాడ్ నొక్కుడు పడట్లేదు, లాప్‌టాప్ బల్ల మీద ఊగుతోంది, స్పీకర్ కూడా గరగరమంటోంది అని మూడు కంప్లయింట్లు చెప్పాడు. మూడిటికీ ఒకటే కారణం, లోపల పొంగిన బ్యాటరీ బాడీ మొత్తాన్ని లేపేసింది. వాడు నెలరోజులు దాన్ని ఒళ్లో పెట్టుకుని సినిమాలు చూశాడు. లిథియం బ్యాటరీ అండీ అది, అంటుకుంటే అంత తేలిగ్గా ఆరే రకం కాదు.

మాది చదునుగానే ఉంది. బ్యాటరీ కనెక్టర్ పీకేసి స్పీకర్లకి వెళ్లాను. ఎడమదాని నోటి దగ్గర దారపు పోగులు, బట్ట నూగు, పచ్చదీ ఎర్రదీ కలిపి చిన్న ఉండ. మెత్తటి పెయింటింగ్ బ్రష్‌తో తీస్తుంటే మధ్యలో మెరిసింది. విరిగిన మిషన్ సూది మొన. మూడు మిల్లీమీటర్లు ఉంటుందేమో. సూది విరిగినప్పుడు ఆ ముక్క ఎటు ఎగిరిందో ఎవరూ వెతకరు. స్టూలు మీద మిషన్ పక్కనే, జాలీ కిందికి ఉన్న లాప్‌టాప్, లోపల అయస్కాంతం. ఆ అయస్కాంతం దాన్ని లాక్కుని పొర మీద కూర్చోబెట్టుకుంది. పాట వచ్చినప్పుడల్లా సూది డాన్స్. పట్టకారుతో తీశాను, చాలా మెల్లగా, పొరకి తగలకుండా. ఎడమ స్పీకర్ బాగైపోయింది. ఖర్చు సున్నా.

కుడిదానికి అంత అదృష్టం లేదు. రబ్బరు అంచు సగం దూరం ఊడిపోయి, పొర పెదవిలా వేలాడుతోంది. చాలామంది ఇక్కడ ఫెవిక్విక్ తీస్తారు. వద్దు. అది గాజులా గట్టిపడుతుంది, పొర కదలదు. ఒక్క చుక్క తీగ సందులోకి జారినా కథ అయిపోయినట్టే. చిన్న చిరుగైతే ఫెవిబాండ్ లాంటి సాగే రబ్బరు గమ్ముని అగ్గిపుల్ల మొనతో పల్చగా రాసి, ఒక రాత్రి ఆరనివ్వచ్చు, కొన్నాళ్లు నడుస్తుంది. సగం ఊడినదానికి అది కూడా దండగే.

ఆ రోజు ఆదివారానికి బండి నడవాలి కాబట్టి తాత్కాలికంగా ఒక పని చేశాను. మీలో కొత్త స్పీకర్ కొనలేని స్టూడెంట్స్‌కి ఇది పనికొస్తుంది. సెట్టింగ్స్‌లో మోనో ఆడియో ఆన్ చేసి, పాడైన వైపు స్లయిడర్ సున్నా చేశాను. ఇప్పుడు రెండు ఛానెళ్ల సౌండూ బాగున్న స్పీకర్ నుంచే వస్తుంది, ఏ వాయిద్యమూ తప్పిపోదు. మోనో ఆన్ చేయకుండా ఒకవైపు తీసేస్తే కొన్ని పాటల్లో సగం సంగీతం మాయమవుతుంది. వీఎల్‌సీ ఈక్వలైజర్‌లో మొదటి రెండు గీతలు, 60, 170, కిందికి దించేశాను. ఎలాగూ ఆ స్పీకర్ పలికించలేని బేస్ కోసం పొర అనవసరంగా ఎగురుతుంటుంది. అది తీసేస్తే గొంతు ఇంకా స్పష్టంగా వస్తుంది. కంప్యూటర్ మొత్తానికి అదే కావాలంటే ఈక్వలైజర్ ఏపీఓ అని ఉచితంగా దొరుకుతుంది.

స్పీకర్ మీద స్టిక్కర్‌లో పార్ట్ నంబర్ ఉంటుంది. దాన్ని ఫోటో తీసుకుని హైదరాబాద్ వచ్చాక సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీకి వెళ్లాను. లాప్‌టాప్ మోడల్ పేరు ఒక్కటే చెప్తే చాలదు, ఒకే మోడల్‌లో రెండు రకాల స్పీకర్లు వచ్చుండొచ్చు. పార్ట్ నంబర్, కనెక్టర్‌లో ఎన్ని పిన్నులు, వైరు పొడవు, మూడూ కలవాలి. మూడో షాపులో దొరికాయి, జత ఆరువందల యాభై. అక్కడే మల్టీమీటర్ పెట్టి చూపించమన్నాను. 4 ఓమ్స్ స్పీకర్ నాలుగుకి కాస్త అటూ ఇటూ చూపించాలి. ఏమీ చూపించకపోతే లోపల తీగ తెగినట్టు. చూపించింది కదా అని బాగున్నట్టు కాదు, పొర చిరిగినా మీటర్‌కి తెలీదు. మా పాతది కూడా మూడున్నర చూపించింది.

తర్వాతి వారం ఇంటికెళ్లి బిగించాను. గర్వంగా ఆన్ చేశాను. మళ్లీ గరగర!

అమ్మ ఏమీ అనలేదు, నా మొహం చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది. మళ్లీ విప్పాను. అరగంట చూశాక తెలిసింది. స్పీకర్ చెవుల్లో స్క్రూ దూరే చోట చిన్న రబ్బరు వాషర్లు ఉంటాయి, కంపనం బాడీకి తగలకుండా. కొత్త జతతో అవి రాలేదు. పాతవాటికే ఉండిపోయాయి, నేను చూసుకోలేదు. తీసి వీటికి తొడిగాను. వైరు కూడా గాడిలో కూర్చోకుండా కాస్త పైకి లేచి ఉంది, సర్దాను. ఈసారి మూత వేసే ముందే పాట పెట్టి చూశాను. మీరు కూడా అలాగే చేయండి, కాకపోతే బ్యాటరీ కనెక్టర్ పెట్టాక లోపల లోహంతో ఏదీ ముట్టుకోకండి.

కామెంట్స్‌లో ఎలాగూ అడుగుతారు కాబట్టి చెప్పేస్తున్నా. ఫోన్‌లో నీళ్లు బయటికి తోసే సౌండ్ వీడియోలు ఉంటాయి కదా, అవి లాప్‌టాప్‌కి పెట్టొచ్చా? పొర చిరిగితే ఆ బూమ్ సౌండ్ దాన్ని ఇంకా చింపుతుంది, దుమ్ము ఉండను కూడా అది కదపలేదు. బ్రష్ వాడండి. ఇంత తంటా ఎందుకు, ఒక బ్లూటూత్ స్పీకర్ కొంటే పోలా? పోతుంది. లాప్‌టాప్ విప్పాలంటే చేతులు వణికేవాళ్లకి నేనూ అదే చెప్తాను. అమ్మకి కూడా ఒకటి కొనిచ్చాను, మిషన్ శబ్దం మీద వినపడాలంటే రెండు వాట్ల స్పీకర్లతో అయ్యే పని కాదు. కానీ ఆవిడ దాన్ని పాటలకే వాడుతుంది. నాన్న వీడియోకి మాత్రం మిషన్ ఆపి, లాప్‌టాప్‌లోనే పెట్టుకుంటుంది. బొమ్మ ఎక్కడుందో గొంతు అక్కడినుంచే రావాలట.

ఆ వీడియో ఇప్పుడు నా ఫోన్‌లో, క్లౌడ్‌లో, అక్క దగ్గర పెన్‌డ్రైవ్‌లో ఉంది. లాప్‌టాప్ స్టూలు మిషన్‌కి రెండోవైపు జరిగింది.

పాడైన కుడి స్పీకర్‌ని పారేద్దామని తీశాను. అమ్మ ఇలా ఇవ్వమంది. లోపలి అయస్కాంతం ఊడదీయించి, ఒక దారానికి కట్టించుకుంది. సాయంత్రం పని అయ్యాక దాన్ని నేల మీద తిప్పుతుంది, రాలిన గుండుసూదులన్నీ అంటుకుని పైకొస్తాయి.

వచ్చే వీడియోలో కీబోర్డు మీద టీ పడితే ఏం చేయాలో మాట్లాడుకుందాం. ఉంటానండీ.